చూడలేదని చూపించవలెను

ముంజివలస పిల్లలు ఫోన్లలో చూడకూడనివి చూడడం లేదన్న సంగతి మొదట్లో ఎవరికీ తెలియదు. అసలు అదొక సంగతని కూడా ఎవరూ అనుకోలేదు. ఆ ఊళ్ళో ఫోను ఉన్న ఇళ్ళే తక్కువ. ఉన్నవాటిలో మీటలు నొక్కే పాతకాలం ఫోన్లే ఎక్కువ. అవి కూడా సిగ్నల్ లేక, చూరుకి వేలాడదీసిన సంచుల్లో పడుండి, కరెంటు పోయినప్పుడు దీపం పని చేసుకుంటూ బతికేవి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ఊరి వెనకున్న గుల్లమెట్ట ఎక్కి, సముద్రం వైపు తిరిగి, చెయ్యి పైకెత్తి నిలబడాలి. అదృష్టం బాగుంటే నాలుగు ముక్కలు వినపడతాయి. పిల్లలకు అంత ఓపిక ఎక్కడిది? ముంజెలు తినేసిన తాటిబుర్రలకు పుల్ల గుచ్చి రెండు చక్రాల బండ్లు చేసుకుని, కేకలేసుకుంటూ, ఊరంతా దుమ్ము లేపుకుంటూ తిరిగేవాళ్ళు.

ఊరి బడికి వైకుంఠం మాస్టారు ఒక్కరే దిక్కు. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. చింతపిక్కలతో లెక్కలు, గోడ మీద బొగ్గుతో పటాలు, మధ్యమధ్య ఒక కథ. పిల్లలు పాఠం వినేవాళ్ళు, మాస్టారు చెప్పేవారు, రెండూ సజావుగా జరిగేవి కాబట్టి ఆ బడి గురించి పైవాళ్ళెవరికీ తెలియదు. మాస్టారిలో మంచి గుణాలు చాలా ఉన్నాయి. లోపం ఒక్కటే. పై అధికారి ఏం చెప్పినా ఆయన నోటివెంట "అలాగే సార్" అని వచ్చేస్తుంది. ఆలోచన ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. అది వచ్చేసరికి అవతల ఫోన్ పెట్టేసి ఉంటారు.

ఇదిలా ఉండగా, రాజధానిలో ఎవరో ఒక పెద్దాయన మనవడు అన్నం తింటూ ఫోన్లో ఏదో చూశాడట. పెద్దాయన ఆ ఫోన్ లాక్కుని, అదేమిటో తానూ చివరిదాకా చూసి, తీవ్రంగా కలత చెంది, మర్నాడే కమిటీ వేయించారు. కమిటీ లోతుగా అధ్యయనం చేసింది. ఫోన్లు తయారుచేసేవాళ్ళని ఏమీ అనడానికి లేదు, వాళ్ళు పెట్టుబడులు పెడుతున్నారు. తల్లిదండ్రులని అనడానికి లేదు, వాళ్ళకి ఓట్లున్నాయి. పిల్లల్ని అనడానికి లేదు, వాళ్ళు రేపటి పౌరులు. ఇక మిగిలింది బడిపంతుళ్ళు. వాళ్ళకి ఎటూ జీతం ఇస్తున్నాం కదా అని నివేదిక ముగిసింది.

ఆ తర్వాత ఒక ఉదయం వైకుంఠం మాస్టారు గుల్లమెట్ట మీద చెయ్యి పైకెత్తి నిలబడి టెలీకాన్ఫరెన్స్ వింటున్నారు. అవతల మాట్లాడుతున్నది జిల్లా బాలదృష్టి పరిరక్షణ విభాగం నోడల్ అధికారి చక్రపాణి గారు. నోడల్ అధికారి అంటే, ఏ శాఖదీ కాని పనిని అన్ని శాఖల చేతా చేయించే అధికారి అన్నమాట.

"ఇందుమూలముగా ఉపాధ్యాయులందరికీ తెలియజేయునది ఏమనగా," అన్నారు చక్రపాణి గారు, "బాలబాలికలు సెల్‌ఫోన్లలో అనుచిత దృశ్యాలు చూడకుండుటను ప్రభుత్వం ఒక కార్యక్రమంగా చేపట్టింది. ఇంతవరకూ చూడకపోవడం అనేది ఎవరికి వారు ఇళ్ళల్లో అసంఘటితంగా చేసుకుంటూ వచ్చారు. దానికొక పద్ధతి లేదు, లెక్క లేదు. ఇకమీదట ప్రతి విద్యార్థీ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ‘నిర్మల నేత్రం’ యాప్‌కు ముఖం చూపించి, తాను చూడలేదని ధ్రువీకరించాలి. ఊరికే చూడకుండా ఉంటే చాలదు. చూడలేదని చూపించవలెను."

"అలాగే సార్," అన్నారు మాస్టారు. ఆయన గొంతు అవతలికి వినపడే ఏర్పాటు లేదని ఆయనకు తెలియదు.

"తొంభై శాతానికి తక్కువ నిర్మలత నమోదైన పాఠశాలకు డాష్‌బోర్డులో ఎర్ర రంగు పడుతుంది. రెండు నెలలు ఎరుపులోనే ఉన్న పాఠశాలను, పిల్లల శ్రేయస్సు దృష్ట్యా, సమీపంలోని నిర్మలమైన పాఠశాలలో విలీనం చేస్తాం."

మాస్టారి చెయ్యి దానంతటదే దిగిపోయింది. దాంతోపాటు సిగ్నల్ కూడా పోయింది.

ముంజివలసకు సమీపంలోని బడి పెదగరువులో ఉంది. మధ్యలో గెడ్డ. గెడ్డ అంటే కొండల్లోంచి వచ్చే వాగు. ఎండాకాలంలో దాటితే చీలమండలు కూడా తడవవు. వానాకాలంలో గేదెలు కూడా ఒడ్డు దాకా వచ్చి వెనక్కి తిరుగుతాయి. వంతెన వేయమని ఊరివాళ్ళు అర్జీలు పెట్టుకుని పెట్టుకుని విసిగిపోయారు. ఊళ్ళో బడి లేని రోజుల్లో పలకా పుస్తకాలూ పట్టుకుని ఆ గెడ్డ దాటుతూ ఒక పిల్ల కొట్టుకుపోయింది. ఆ పిల్ల సూరమ్మ చెల్లెలు. సూరమ్మ ఇప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె మనవరాలు హారిక రెండో తరగతి చదువుతోంది.

"ఏటి సెప్పినాడు మాస్టారూ ఆఫీసరు బాబు?" అంది సూరమ్మ, మెట్ట దిగి వచ్చిన మాస్టారి ముఖం చూసి.

"పిల్లలు ఫోన్లో చెడ్డవి చూడలేదని చూపించాలట."

"సూడనేదు గదా?"

"చూడలేదు."

"సూడని దాన్ని ఏటి సూపిస్తారు?"

"చూపించకపోతే బడి ఎత్తేస్తారట సూరమ్మా. పిల్లల్ని పెదగరువు పంపమంటున్నారు," అన్నారు మాస్టారు.

సూరమ్మ గరిటె పక్కన పెట్టేసింది. పప్పు పొంగి పొయ్యిలో పడుతున్నా పట్టించుకోలేదు. "గెడ్డ దాటి ఎల్లాలా మా గుంట?" అని మాత్రం అంది, మనవరాలిని తలుచుకుని.

"నేనుండగా వెళ్ళనివ్వను," అన్నారు మాస్టారు. ఆయన ముందు ఆలోచించుకుని, తర్వాత పైకి అన్న మాట బహుశా అదొక్కటే.

మర్నాడే ఆయన యాప్ ఎక్కించుకున్నారు. అది ప్రతి పిల్లవాడి పేరు పక్కనా ఒక ఫోన్ నంబరు అడిగింది. లేదని చెప్పే వీలు అందులో లేదు. మాస్టారు మళ్ళీ మెట్టెక్కి చక్రపాణి గారికి ఫోన్ చేశారు.

"మా పిల్లలకి ఫోన్లు లేవు సార్."

"ఫోన్లు లేవా?" అన్నారు చక్రపాణి గారు. ఆయన గొంతులో అనుమానం వినపడింది. "మరి వాళ్ళు ఏ ఫోన్లో చూడడం లేదు?"

"ఏ ఫోన్లోనూ చూడడం లేదు సార్."

"అలా కుదరదండీ. చూడకపోవడానికైనా ఒక ఫోన్ ఉండాలి. లేని ఫోన్లో చూడకపోవడం మార్గదర్శకాల పరిధిలోకి రాదు. అయినా వాళ్ళ దగ్గర ఫోన్లు లేవనడానికి మీ దగ్గర ఆధారం ఏమిటి?"

"వాళ్ళ చేతులు ఖాళీగా ఉంటాయి సార్," అన్నారు మాస్టారు.

"సరే. ఖాళీ చేతుల ఫోటోలు పంపించండి. ప్రస్తుతానికి అందరికీ మీ నంబరే ఇవ్వండి."

"అలాగే సార్."

ఆ రోజు బడిలో లెక్కలు జరగలేదు. పిల్లలందరూ వరుసగా నిలబడి ఖాళీ చేతులు చాపారు, మాస్టారు ఫోటోలు తీశారు. రెండు చేతులూ కనపడాలి, వేళ్ళు విడివిడిగా ఉండాలి. తాటిబుర్రల బండి వదలనని ఏడ్చిన ఒక పిల్లాడి ఫోటోను, చేతిలో గుర్తుతెలియని పరికరం ఉందంటూ యాప్ తిప్పి పంపేసింది.

ఇక రోజూ రెండు పూటలా మెట్ట ఎక్కడమే చదువైపోయింది. పొద్దున్నే పిల్లలు బారులు తీరి పైకెక్కుతారు. మాస్టారు సముద్రం వైపు తిరిగి ఫోన్ పట్టుకుంటారు. ఒక్కొక్కరూ వచ్చి అందులోకి ముఖం పెడతారు. మెట్ట మీద గాలికి పిల్లలు కళ్ళార్పితే యాప్ ‘అనుమానాస్పదం’ అంటుంది. ఇసుక పడి కళ్ళెర్రబడితే ‘అతిదర్శనం’ అంటుంది. ఆదివారం సెలవు కదా అని ఊరుకుంటే, ఆదివారం నాడు పిల్లలందరూ చూసేసినట్టు నమోదు చేసుకుంది. దాంతో బడికి ఆదివారాలు కూడా పోయాయి. జ్వరమొచ్చిన పిల్లల్ని తండ్రులు భుజాన వేసుకుని తెచ్చి మెట్ట మీద కళ్ళు తెరిపించేవాళ్ళు. ఊళ్ళో అంతవరకూ ఈ యాప్ సంగతి తెలియని ముసలాళ్ళు, గుల్లమెట్ట మీద కొత్తగా ఏదో దేవత వెలసిందనుకుని కొబ్బరికాయలు పట్టుకుని బయల్దేరారు.

ఇంత చేస్తే, రెండో వారం యాప్‌కు గొంతు వచ్చింది. పిల్లల చేత నోటితోనే చెప్పించాలని పైన ఎవరికో బుద్ధి పుట్టిందట. మొదటగా హారిక ముఖం పెట్టింది. ఫోన్లోంచి ఒక ఆడగొంతు తియ్యగా అడిగింది: "చిన్నారీ! ఈ రోజు మీరు అనుచితమైన దృశ్యాలు చూశారా?"

ముంజివలసలో ‘చూశావా’ అని ఎవరైనా అడిగితే ‘లేదు’ అనడమంత నామోషీ మరొకటి లేదు. జాతరలో రాకాసి వేషం చూశావా? పెదగరువు గేటు దగ్గర గూడ్సుబండి చూశావా? చూశాను అన్నవాడిదే ఆ రోజంతా పెత్తనం. చూడనివాడు వాడి వెనకాల నడవాలి. హారికకు అనుచితమంటే ఏమిటో తెలియదు గాని, తను దేనిలోనూ వెనకబడలేదని తెలుసు.

"సూసినాను!" అంది గట్టిగా.

"నానూ సూసినాను!" అన్నాడు వెనకవాడు.

"నాను రెండుపాలి సూసినాను!" అన్నాడు ఆ వెనకవాడు.

మాస్టారు వద్దు వద్దంటూ ఫోన్ మూసేలోపు యాప్ అందరి గొంతులూ చక్కగా పట్టుకుంది. చిట్టచివర ఒకటో తరగతి పిల్లాడు మాత్రం సిగ్గుపడుతూ, "రేపు సూస్తాను మాస్టారూ," అన్నాడు. యాప్ వాణ్ణి కూడా చూసినవాళ్ళ లెక్కలోనే వేసుకుంది.

డాష్‌బోర్డు భగ్గుమంది. నూటికి నూరు మందీ చూసేసిన బడి జిల్లాలో అదొక్కటే. మధ్యాహ్నానికల్లా గెడ్డ అవతలి ఒడ్డున జీపులు ఆగాయి. చక్రపాణి గారు బూట్లు చేత్తో పట్టుకుని, ఒక కౌన్సెలర్‌నీ, ఇద్దరు ఫోటోగ్రాఫర్లనీ వెంటేసుకుని వచ్చారు. ఆయన నిండైన మనిషి. మాట్లాడేటప్పుడు కళ్ళు సగం మూసుకుంటారు. పిల్లల్ని భయపెట్టకుండా విచారించాలని కౌన్సెలర్ చెప్పడంతో ఆయన హారికను పిలిచి, ఒక చాక్లెట్ ఇచ్చి, నవ్వారు.

"ఏం చూశావమ్మా నువ్వు?"

"తవరు ఏటడిగినారో అదే సూసినాను బాబూ."

"ఎక్కడ చూశావు?"

"మెట్ట మీద."

"ఎవరు చూపించారు?"

"మా మాస్టారే!" అంది హారిక గర్వంగా. "రోజూ పొద్దుట ఒకపాలి, సాయంత్రం ఒకపాలి అందర్నీ లైను కట్టించి ఆరి ఫోన్లో సూపిస్తన్నారు. కళ్ళు ఆర్పనియ్యరు బాబూ. ఆదివారం కూడా ఒగ్గరు."

చక్రపాణి గారి కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. ఫోటోగ్రాఫర్లు కెమెరాలను మాస్టారి వైపు తిప్పారు. మాస్టారు గోడకు చేరగిలబడ్డారు. అలవాటు కొద్దీ "అలాగే సార్" అని నోటిదాకా వచ్చిన మాటను అతి కష్టం మీద మింగారు.

"ఆ ఫోన్లో ఏం కనపడుతుందమ్మా? భయపడకుండా చెప్పు," అంది కౌన్సెలర్.

"నా మొగమేనమ్మా," అంది హారిక.

కౌన్సెలర్ చక్రపాణి గారి చెవి దగ్గరకు వంగింది. "బాలిక తన ముఖాన్నే అనుచిత దృశ్యంగా భావిస్తోంది సార్. తీవ్రమైన ఆత్మన్యూనత," అని తేల్చింది.

అంతా సర్దుకుని అసలు సంగతి అర్థమయ్యేసరికి పొద్దు వాలింది. వేరే మనిషైతే అంతటితో నవ్వుకుని వెళ్ళిపోయేవాడు. చక్రపాణి గారు అలా తేలిగ్గా వదిలేసే అధికారి కాదు. బడి అరుగు మీద నిలబడి ఒక నిర్ణయం ప్రకటించారు.

"అనుచితం అంటే ఏమిటో ఈ పిల్లలకు తెలియదు. తెలియనివాడు చూడకపోవడం నిర్మలత్వం కాదు, అజ్ఞానం! ఏవి చూడకూడదో తెలుసుకుని, వాటిని స్పష్టంగా గుర్తుపట్టి, అప్పుడు చూడకుండా ఉండడమే నిర్మలత్వం. కావున ఈ గ్రామాన్ని ప్రత్యేక అవగాహన మండలంగా ప్రకటిస్తున్నాను. ప్రతి విద్యార్థికీ ఒక టాబ్లెట్ ఇస్తాం. అవగాహన వీడియోలు అందడానికి వెంటనే టవర్ వేయిస్తాం."

టవర్ అన్న మాట వినగానే సూరమ్మ ముందుకొచ్చింది.

"టవరా బాబూ? ఎన్నేళ్ళనుండి అడుగుతన్నాం! నా కోడలికి నొప్పులొచ్చినప్పుడు, అంబులెన్సుకి ఫోన్ సేద్దావని నా కొడుకు మెట్టెక్కి దిగొచ్చేతలికి ఈ గుంట పుట్టీసినాది."

"అంబులెన్సుకు జనాభా సరిపోదమ్మా. అది వేరే పద్దు. ఇది బాలల రక్షణ," అన్నారు చక్రపాణి గారు, బూట్లు చేతిలోకి తీసుకుంటూ.

వారం తిరక్కుండా గుల్లమెట్ట మీద టవర్ లేచింది. సూరమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. టాబ్లెట్లు కూడా వచ్చాయి. పిల్లలు వాటిని వాసన చూశారు, చొక్కాలతో తుడిచారు, నిద్రలో కూడా పక్కన పెట్టుకున్నారు. మాస్టారికి కూడా, నిజం చెప్పాలంటే, చాలా సంతోషం కలిగింది. బడి నిలబడుతుంది. మెట్ట ఎక్కే పని కూడా లేదు. లెక్కలు మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

అవగాహన వీడియోలు రోజుకు రెండు గంటలు చూడాలి. చూసినవాళ్ళకి తెర మీద ఒక నక్షత్రం పడుతుంది. చూడకూడనివన్నీ ఏరి, కూర్చి, కమిటీ ఎంతో శ్రమపడి మొదటి వీడియో తయారుచేసింది. తయారయ్యాక పిల్లలకు చూపించబోయేముందు ఎవరికో అనుమానం వచ్చింది, ఇవి పిల్లలు చూడకూడనివి కదా అని. దాంతో చూడకూడనిదల్లా నల్లరంగుతో కప్పేశారు. అంతా కప్పాక వీడియో మొదట్నుంచీ చివరిదాకా నల్లగా వచ్చింది. ముంజివలస పిల్లలు వరుసల్లో కూర్చుని గంటసేపు ఆ నలుపునే చూశారు. మధ్యమధ్యలో ఒక గొంతు, "ఇదిగో, ఇలాంటివి చూడరాదు," అంటోంది.

"నల్లగా ఉన్నవి సూడకూడదా మాస్టారూ?" అని అడిగింది హారిక.

"నాకూ సరిగ్గా తెలియదమ్మా," అన్నారు మాస్టారు.

గంట అయ్యాక వీడియో ఆగింది. తెర అడుగున ‘తర్వాతి వీడియో’ అని ఒక గుర్తు వెలిగింది. ఎవరు ముందు నొక్కారో తెలియదు. ఆ తర్వాతి వీడియో నల్లగా లేదు.

ఆ సాయంత్రం యాప్ తియ్యగా అడిగింది: "చిన్నారీ! ఈ రోజు మీరు అనుచితమైన దృశ్యాలు చూశారా?"

"సూసినాను!" అంది హారిక. ఈసారి అది నిజం.

టాబ్లెట్ టక్కున మూసుకుపోయింది. మర్నాటి దాకా తెరుచుకోలేదు. హారిక ఏడ్చి ఏడ్చి అన్నం మానేసింది. మర్నాడు గొంతు మళ్ళీ అదే అడిగింది. హారిక కాసేపు తెర వైపు చూసి, "నేదు," అంది. ఆకుపచ్చ దీపం వెలిగింది, నక్షత్రం పడింది, టాబ్లెట్ తెరుచుకుంది. ఆ పూట గడవకముందే బడిలో పిల్లలందరికీ ఆ కిటుకు తెలిసిపోయింది. గుణింతాలు నేర్పడానికి మాస్టారికి నెలలు పట్టేవి. ఇది నేర్చుకోవడానికి పిల్లలకు ఒక్క పూట పట్టింది.

ముంజివలస నిర్మలత ఎగబాకి ఎగబాకి నూటికి నూరైంది.

బడి ఆవరణలో ఇప్పుడు దుమ్ము లేవడం లేదు. తాటిబుర్రల బండ్లు చూరు కింద ఎండి పగుళ్ళిచ్చాయి, వాటిలో చీమలు పుట్టలు పెట్టాయి. మాస్టారు కథ మొదలుపెడితే పిల్లలు తలలూపుతారు గాని, చూపులు ఒళ్ళో ఉంటాయి. ఒకనాడు ఆయన ఒక పిల్లాడి వెనక నిలబడి, వాడు ఏం చూస్తున్నాడో చూశారు. చూసి, బయటికి వచ్చి, చాలాసేపు తాటిచెట్ల వైపు తిరిగి నిలబడ్డారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి తెలియని విషయాలు కావు అవి. ఇప్పుడవి ఎనిమిదేళ్ళ పిల్లాడికి కూడా తెలిశాయి.

ఆయన చక్రపాణి గారికి ఫోన్ చేశారు. సిగ్నల్ దివ్యంగా ఉంది.

"సార్, మా పిల్లలు ఇప్పుడు నిజంగానే చూస్తున్నారు."

"మీ బడి ఆకుపచ్చలో ఉందే?"

"చూడలేదని అబద్ధం చెబుతున్నారు సార్."

"మాస్టారూ," అన్నారు చక్రపాణి గారు అనునయంగా, "ఆ పిల్లలు నిజం చెప్పిన రోజున మీ బడి ఎరుపు. మీరొక్క కాగితం రాసివ్వండి, ఇప్పుడే ఎరుపు వేయిస్తాను. నిబంధన మీకు తెలుసు కదా. వానలు కూడా మొదలయ్యాయి. ఎరుపు వేయమంటారా?"

మాస్టారికి గెడ్డ హోరు వినిపిస్తూనే ఉంది. "వద్దు సార్," అన్నారు.

"అయితే ఆకుపచ్చే ఉంచమంటారా?"

"అలాగే సార్."

ఆ నెలలోనే ముంజివలసను జిల్లాలో ఉత్తమ నిర్మల గ్రామంగా ప్రకటించారు. సన్మానం బడిలోనే. మామిడాకులు కట్టారు, షామియానా వేశారు. తీరా ఆ రోజు గెడ్డ ఉరవడిగా వచ్చింది. అవతలి ఒడ్డున జీపులు ఆగాయి, కాసేపు ఆలోచించాయి, వెనక్కి తిరిగాయి. నీటి ప్రవాహం తీవ్రంగా ఉన్నందున అధికారులు దాటుట ప్రాణాపాయమనీ, కావున కార్యక్రమం ఆన్‌లైన్లో జరుగుననీ సందేశం వచ్చింది.

ఆ సందేశం మాస్టారు చదివి వినిపిస్తే సూరమ్మ గెడ్డ వైపు చూసింది, ఆ తర్వాత మాస్టారి వైపు చూసింది. "ఆపీసర్లకే పేనాపాయవైతే మా గుంటలకి కాదేటి? మీరు బడి నిలబెట్టినారు బాబూ. ఆ పున్యం ఊరకే పోదు," అని దణ్ణం పెట్టింది. మాస్టారు ముఖం తిప్పుకున్నారు.

పిల్లలు వరుసల్లో కూర్చున్నారు. అందరి టాబ్లెట్లలోనూ చక్రపాణి గారు ప్రత్యక్షమయ్యారు.

"ఎంత క్రమశిక్షణ! ఒక్కరైనా అల్లరి చేయడం లేదు, ఒక్కరైనా కదలడం లేదు," అన్నారు ఆయన పులకించి. "అప్పట్లో చూశానని చెప్పిన ఆ చిన్నారి ఏదీ? హారిక కదూ? అమ్మా, ఈ రోజు అనుచితమైన దృశ్యాలు చూశావా?"

హారిక అప్పటికే చక్రపాణి గారిని వేలితో తెర మూలకు నెట్టేసింది. మిగిలిన తెరంతా మరేదో ఆడుతోంది.

"నేదు బాబూ," అంది, కళ్ళెత్తకుండానే.

"చూశారా! ఇదీ పరివర్తన అంటే," అన్నారు చక్రపాణి గారు మూలనుంచి. "వైకుంఠం మాస్టారూ, ఈ నెల నుంచి ఉపాధ్యాయులు కూడా ధ్రువీకరించాలి. కొత్త ఉత్తర్వు. ఆ ఒక్కటీ అయిపోతే సన్మానం పూర్తయినట్టే."

మాస్టారు ఫోన్ ముఖం ముందు పెట్టుకున్నారు. ఆడగొంతు అదే తియ్యదనంతో అడిగింది: "గురువుగారూ! మీ విద్యార్థులు అనుచితమైన దృశ్యాలు చూస్తుండగా మీరు చూశారా?"

ఆయన ఫోన్ పక్కనుంచి చూశారు. వరుసలో మొదట హారిక తల వంచుకుని ఉంది. తెర వెలుతురు దాని ముఖం మీద రంగులు మారుస్తోంది. వెనక గుమ్మంలో సూరమ్మ చేతులు జోడించుకుని నిలబడే ఉంది. ఆమె వెనకాల, వానలో, గెడ్డ చప్పుడు.

"లేదు," అన్నారు మాస్టారు.

దీపం వెలగలేదు. కళ్ళు స్పష్టంగా కనపడడం లేదని యాప్ చెప్పింది. ఆయన పంచె కొంగుతో కళ్ళు తుడుచుకుని, పిల్లలకు రోజూ చెప్పినట్టే ఆర్పకుండా పెద్దవి చేసి, మళ్ళీ చూపించారు. ఈసారి ఆకుపచ్చ దీపం వెలిగింది. షామియానా కింద ఎవరో చప్పట్లు కొట్టారు. పిల్లలు మాత్రం తలెత్తి చూడలేదు.